చిన్న విమానయాన సంస్థల ఆదాయ వ్యయాలు - గోదావరి జిల్లాల అనుభవం

రాజమహేంద్రవరం: మధురపూడి విమానాశ్రయం నుంచి హైదరాబాద్‌కు ఒక చిన్న విమానం బయలుదేరినప్పుడు అందులో 60 మంది ప్రయాణికులు ఉంటే సంస్థకు నష్టం, 61 మంది ఉంటే నామమాత్రపు లాభం. ఇది అతిశయోక్తి కాదు. ఇంధనం, విమానం అద్దె, మరమ్మతులు, సిబ్బంది జీతాలు లెక్కించి చూస్తే 72 సీట్ల విమానం విషయంలో తేలే ఫలితం దాదాపుగా ఇదే. చిన్న పట్టణాల మధ్య విమానాలు నడపడానికి ముందుకు వచ్చే సంస్థలు ప్రభుత్వం నుంచి పన్ను రాయితీలను, లోటు భర్తీ నిధులను కోరుతున్న నేపథ్యంలో, ఆ ప్రతిపాదనలలోని అంకెలను ఏ విధంగా చదవాలన్నది అధికారులకూ పాత్రికేయులకూ తెలిసి ఉండవలసిన విషయం.

గోదావరి జిల్లాలకు విమానం కొత్త కాదు. మధురపూడిలోని విమానాశ్రయం బ్రిటిష్ పాలనా కాలంలో నిర్మితమైనది. 1980వ దశకంలో ఇక్కడికి వాయుదూత్ విమానాలు నడిచాయి. ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ కలిసి 1981లో నెలకొల్పిన ఆ సంస్థ చిన్న పట్టణాలను కలపడమే లక్ష్యంగా పనిచేసి, నష్టాలు పేరుకుపోవడంతో 1993లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో విలీనమైంది. ఆ తరువాత ప్రైవేటు రంగం వచ్చింది. కింగ్‌ఫిషర్, జెట్ ఎయిర్‌వేస్ సంస్థలు ఎ.టి.ఆర్. విమానాలతో రాజమండ్రికి సర్వీసులు నడిపాయి. మొదటిది 2012లోనూ, రెండవది 2019 ఏప్రిల్‌లోనూ మొత్తంగా మూతపడ్డాయి. హైదరాబాద్ కేంద్రంగా టర్బో మేఘా ఎయిర్‌వేస్ ప్రారంభించిన ట్రూజెట్ 2015 జూలై 12న, గోదావరి పుష్కరాలకు సరిగ్గా రెండు రోజుల ముందు, తన సేవలను ఆరంభించింది. ఆ సంస్థ తొలి గమ్యస్థానాలలో తిరుపతితో పాటు రాజమండ్రి కూడా ఉంది. 2022 ఫిబ్రవరిలో ఆ సంస్థ విమానాలు నిలిచిపోయాయి. విజయవాడ కేంద్రంగా 2013 అక్టోబరులో మొదలైన ఎయిర్ కోస్టా 2017 ఫిబ్రవరి 28తో ఆగిపోయింది.

ఈ సంస్థలలో అధిక భాగం ప్రయాణికులు లేక మూతపడలేదన్నది గమనార్హం. పండుగ రోజులలో టికెట్టు దొరకడమే కష్టమైన మార్గాలలో నడుస్తూనే అవి నష్టపోయాయి.

ఒక ట్రిప్పుకు అయ్యే ఖర్చు

హైదరాబాద్ శంషాబాద్ నుంచి మధురపూడికి గగనతలంలో దూరం దాదాపు 360 కిలోమీటర్లు. ఎ.టి.ఆర్-72 విమానం ఇంజన్ ఆన్ చేసిన క్షణం నుంచి ఆపే క్షణం వరకు ఈ దూరానికి గంటా పది నిమిషాల వరకు తీసుకుంటుంది. ఇందులో గాలిలో ఉండే సమయం సుమారు గంట. కింది లెక్కలో వాడిన ధరలు ఏ ఒక్క సంస్థ ఖాతాల నుంచి తీసుకున్నవి కావు. లెక్క సాగే విధానాన్ని చూపడం కోసం వాస్తవానికి దగ్గరగా ఉండేలా అనుకున్న ధరలు మాత్రమే. పరిశీలకులు తమ వద్ద ఉన్న తాజా ధరలను ఇదే చట్రంలో ఉంచి చూసుకోవచ్చు.

మొదటిది ఇంధనం. నేలపై కదలిక, రద్దీ వేళ ఆకాశంలో నిరీక్షణ కలుపుకొని ఒక ట్రిప్పుకు 700 కిలోల విమాన ఇంధనం ఖర్చవుతుందనుకుంటే, అది 875 లీటర్లు. కిలోలీటరు ధర పన్నుతో కలిపి 90,000 రూపాయలు అయితే ట్రిప్పుకు దాదాపు 79,000 రూపాయలు. రెండవది విమానం అద్దె. చిన్న సంస్థలు విమానాలను కొనవు. విదేశీ లీజింగ్ సంస్థల నుంచి నెలవారీ అద్దెకు తెచ్చుకుంటాయి. నెలకు 1,50,000 డాలర్లు, డాలరుకు 85 రూపాయలు చొప్పున 1 కోటి 27 లక్షల 50 వేల రూపాయలు. రోజుకు ఎనిమిది ట్రిప్పుల లక్ష్యంతో, రద్దులు పోగా నెలకు 230 ట్రిప్పులు నడిస్తే, ట్రిప్పుకు 55,000 రూపాయలు అద్దె కింద పోతుంది. మూడవది మరమ్మతుల నిధి. గాలిలో గడిపిన ప్రతి గంటకు 600 డాలర్ల చొప్పున లీజింగ్ సంస్థ వద్ద జమ చేయవలసి వస్తే అది 51,000 రూపాయలు. సిబ్బంది జీతాలకు ఒక్కొక్క విమానానికి నెలకు 60 లక్షలు అనుకుంటే ట్రిప్పుకు 26,000. విమానాశ్రయంలో సామాను ఎక్కించడం, దించడం, కౌంటర్లు, వైమానిక మార్గ నిర్దేశక రుసుములు కలిపి 20,000. బీమా, శిక్షణ, టికెట్ల విక్రయ వ్యవస్థ, ప్రధాన కార్యాలయం ఖర్చులు కలిపి 40,000.

మొత్తం 2,71,000 రూపాయలు. 72 సీట్లకు పంచితే సీటుకు 3,764 రూపాయలు.

ఈ అంకె చూసి టికెట్టు 3,800 ఉంటే చాలునని భావించరాదు. ప్రతి సీటూ నిండదు. పైగా ప్రయాణికుడు చెల్లించే మొత్తమంతా విమాన సంస్థకు చేరదు. ఎకానమీ తరగతి టికెట్టుపై 5 శాతం జి.ఎస్.టి., విమానాశ్రయ వినియోగ రుసుము, భద్రతా రుసుము ఆ మొత్తంలోనే కలిసి ఉంటాయి. టికెట్టుపై 5,500 రూపాయలు కనిపించినా సంస్థ చేతికి వచ్చేది 4,500 ప్రాంతంలో ఉండవచ్చు. ఆ 4,500 సగటు చార్జీ మీద ఖర్చు రాబట్టాలంటే 61 సీట్లు, అంటే దాదాపు 85 శాతం నిండాలి. సగటు 5,000కు పెరిగితే 55 సీట్లు సరిపోతాయి. పత్రికలలో తరచుగా ప్రస్తావనకు వచ్చే సీట్ల భర్తీ శాతం ఒక్కటే చూసి సంస్థ ఆర్థిక స్థితిని నిర్ణయించడం సరికాదు. 90 శాతం సీట్లు నింపి సగటున 3,500 రాబట్టిన సంస్థకు ట్రిప్పుకు 2,28,000 మించి రాదు. 43,000 రూపాయలు చేతి నుంచి పెట్టుకోవలసిందే. 70 శాతమే నింపినా 5,500 రాబట్టిన సంస్థ 2,75,000 పొంది ఖర్చు వెళ్ళదీసుకోగలుగుతుంది.

సంవత్సరానికి ఒక విమానం 2,760 ట్రిప్పులు నడుపుతుంది. ప్రతి ట్రిప్పులో 64 మంది, తలకు 4,500 చొప్పున ప్రయాణిస్తే ట్రిప్పుకు 17,000 మిగిలి, ఏడాదికి సుమారు 4 కోట్ల 70 లక్షల రూపాయల లాభం వస్తుంది. అదే 59 మంది అయితే ట్రిప్పుకు 5,500 లోటుతో ఏడాదికి కోటీ 52 లక్షల నష్టం. ఐదుగురు ప్రయాణికులు, అంటే ఒకే కుటుంబం ఆ రోజు గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కడానికి నిశ్చయించుకుంటే కలిగే తేడా అది.

డాలరు, పన్ను, బరువు

ఈ వ్యయంలో అద్దె, మరమ్మతుల నిధి రెండూ డాలర్లలో చెల్లించవలసినవి. ట్రిప్పుకు 1,252 డాలర్లు. ఆదాయం మాత్రం పూర్తిగా రూపాయలలో ఉంటుంది. రూపాయి విలువ 2025 డిసెంబరులో డాలరుకు 90 దాటింది. లెక్కలో అనుకున్న 85 నుంచి 90కి మారితే ట్రిప్పుకు 6,260 రూపాయలు, సంవత్సరానికి ఒక్కొక్క విమానంపై కోటీ 73 లక్షల రూపాయల అదనపు భారం పడుతుంది. అంతర్జాతీయ సర్వీసులు నడిపే పెద్ద సంస్థలకు విదేశీ మారకంలో కొంత రాబడి ఉంటుంది. హైదరాబాద్, రాజమండ్రి, తిరుపతి మధ్య తిరిగే సంస్థకు ఆ వెసులుబాటు లేదు.

ఇంధనంపై పన్ను విషయంలో చిన్న విమానాలకు చట్టపరమైన రక్షణ ఒకటి ఉంది. గరిష్ఠ బరువు 40,000 కిలోలకు లోబడిన విమానాలతో క్రమబద్ధ సర్వీసులు నడిపే సంస్థలకు విక్రయించే ఇంధనాన్ని కేంద్ర అమ్మకపు పన్ను చట్టం ప్రత్యేక ప్రాధాన్యం గల సరకుగా ప్రకటించింది. దాని వలన రాష్ట్రాలు విధించే పన్ను పరిమితమై, పాతిక, ముప్పై శాతం వరకు పన్ను ఉన్న రాష్ట్రాలలో సైతం ఎ.టి.ఆర్. విమానానికి 4 శాతమే వర్తిస్తూ వచ్చింది. రాష్ట్ర విభజన అనంతరం ఆంధ్రప్రదేశ్ విమాన ఇంధనంపై పన్నును 1 శాతానికి తగ్గించింది. 4 శాతానికీ 16 శాతానికీ మధ్య తేడా పై లెక్క ప్రకారం ట్రిప్పుకు 9,000 రూపాయలు. రోజుకు ఎనిమిది ట్రిప్పులు తిరిగే విమానానికి ఏడాదికి రెండున్నర కోట్లు. పైన చూపిన లాభంలో సగానికి పైగా ఈ ఒక్క తేడాలోనే ఉంది.

ఇందుకు తోడు, 80 సీట్ల కన్నా తక్కువ సామర్థ్యం గల దేశీయ విమానాలకు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ విమానాశ్రయాలలో ల్యాండింగ్ రుసుము ఉండదు. ఎ.టి.ఆర్-72 విమానాలను 72 సీట్లతో గానీ, ఇండిగో చేసినట్లు 78 సీట్లతో గానీ నడపడం వెనుక ఈ నిబంధన ప్రభావం లేకపోలేదు.

ఎయిర్ కోస్టా ఎంచుకున్న విమానాలను ఈ కోణం నుంచి చూడడం ఆసక్తికరం. ఆ సంస్థ ఎంబ్రాయర్ తయారీ ఇ-170, ఇ-190 జెట్ విమానాలను వినియోగించింది. 67 సీట్లతో నడిచిన ఇ-170 బరువు, సీట్లు రెండింటిలోనూ రాయితీల పరిధిలోపల ఉండేది. 112 సీట్ల ఇ-190 రెండింటినీ దాటిపోయింది. పెద్ద విమానం వలన సీటు ఒక్కింటికి ఖర్చు తగ్గాలి. అయితే ఇంధనంపై పూర్తి పన్ను, దిగిన ప్రతిచోటా రుసుము తోడైనప్పుడు ఆ తగ్గుదలలో కొంత కరిగిపోతుంది. మూడు నాలుగు విమానాల సంస్థలో రెండు రకాల విమానాలు ఉండడం మరొక భారం. 2014 ఫిబ్రవరిలో ఆ సంస్థ 50 కొత్త ఎంబ్రాయర్ విమానాలకు ఆర్డరు ప్రకటించింది. అవి రాకముందే సేవలు నిలిచిపోయాయి. విమానాల సంఖ్య స్వల్పంగా ఉన్న సంస్థలో ఒకటి మరమ్మతుకు వెళితే నాలుగో వంతు, మూడో వంతు ఆదాయం ఒక్కసారిగా ఆగిపోతుంది. అద్దె మాత్రం ఆగదు.

విమానం నేల మీద ఉన్నప్పుడు

నష్టానికి అసలు మూలం చాలాసార్లు ఇక్కడే ఉంటుంది. అద్దె, సిబ్బంది జీతాలు, బీమా, కార్యాలయ ఖర్చులు విమానం ఎగిరినా ఎగరకపోయినా తప్పనివి. పై లెక్కలో వీటి మొత్తం నెలకు 2 కోట్ల 79 లక్షలు. నెలకు 230 ట్రిప్పులు నడిస్తే ట్రిప్పుకు 1,21,500 వంతున పడుతుంది. రోజుకు ఎనిమిదికి బదులు ఆరు ట్రిప్పులకు తగ్గి నెలకు 170 మాత్రమే నడిస్తే అదే ఖర్చు ట్రిప్పుకు 1,64,400 అవుతుంది. సీటు ఖర్చు ఒక్కసారిగా 600 రూపాయలు పెరుగుతుంది. ఇంధనం ధర సగానికి పైగా పెరిగితే ఎంత భారం పడుతుందో, రోజుకు రెండు ట్రిప్పులు తగ్గినా అంతే భారం పడుతుంది. ఇంధనం ధర పెరిగితే పత్రికల్లో పతాక శీర్షికలు వస్తాయి. విమానం రెండు ట్రిప్పులు తక్కువ తిరిగితే ఎవరి దృష్టికీ రాదు.

శీతాకాలపు ఉదయాలలో డెల్టాను కమ్ముకునే పొగమంచు, అక్టోబరు నవంబరు తుఫానులు మధురపూడి రాకపోకలపై ప్రభావం చూపుతాయి. తొలి ట్రిప్పు గంట ఆలస్యమైతే అదే విమానం ఆ రోజు చేయవలసిన మిగిలిన ట్రిప్పులన్నీ జరుగుతాయి. సాయంత్రానికి పైలట్ల పని గంటల పరిమితి ముగిసి చివరి ట్రిప్పు రద్దవుతుంది. అందుచేత చిన్న సంస్థ తన కాలపట్టికను రోజుకు ఎనిమిది ట్రిప్పులతో నింపి చూపినప్పుడు, వాటి మధ్య ఎన్ని నిమిషాల విరామం ఉంచిందో చూడాలి. విరామం మరీ తక్కువైతే ఆ అంచనా కాగితానికే పరిమితం.

పైలట్ల సంఖ్య కూడా ఇటువంటిదే. రోజంతా తిరిగే ఒక ఎ.టి.ఆర్. విమానానికి ఐదారు జతల పైలట్లు అవసరమవుతారు. పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ సవరించిన నిబంధనల ప్రకారం 2025 జూలై 1 నుంచి పైలట్ల వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48 గంటలకు పెరిగింది. భద్రత రీత్యా ఇది అవసరమైన మార్పు. చిన్న సంస్థ వ్యయ పట్టికలో మాత్రం సిబ్బంది పద్దు ఇందుకు తగినట్లు పెరగాలి. పాత నిష్పత్తితో తయారైన ప్రతిపాదనను సవరించమని కోరడం సమంజసం. ఎ.టి.ఆర్. నడపడానికి శిక్షణ పొందిన పైలట్ పెద్ద జెట్ విమానాలకు మారడానికి అవకాశం కోసం చూస్తుంటాడన్నది ఈ రంగంలో అందరికీ తెలిసిన సంగతి. శిక్షణ వ్యయం చిన్న సంస్థది, ఫలితం పెద్ద సంస్థది.

కోవిడ్ కాలం ఈ స్థిర వ్యయం సంగతిని కఠినంగా నిరూపించింది. 2020 మార్చి 25 నుంచి రెండు నెలల పాటు దేశీయ విమానాలు పూర్తిగా నిలిచిపోయాయి. ఆ తరువాత కూడా చాలాకాలం సీట్ల సామర్థ్యంపైనా, చార్జీలపైనా పరిమితులు కొనసాగాయి. వేల కోట్ల నగదు నిల్వ ఉన్న సంస్థ ఆ కాలాన్ని దాటగలిగింది. తక్కువ విమానాలు, స్వల్ప మూలధనం గల సంస్థలకు అది సాధ్యం కాలేదు.

డెల్టా ప్రయాణికుడు

రాజమండ్రి విమానాశ్రయం నగరానికి ఉత్తరంగా దాదాపు 18 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఉభయ గోదావరి జిల్లాలకూ, అంటే 2022 ఏప్రిల్ 4 నాటి పునర్విభజన తరువాత ఏర్పడిన తూర్పుగోదావరి, కాకినాడ, కోనసీమ, పశ్చిమగోదావరి జిల్లాలకూ, ఇదే సమీప విమానాశ్రయం. ఏలూరు ప్రాంతం వారికి గన్నవరం దగ్గర. తుని వైపు వారిలో కొందరు విశాఖపట్నం చూసుకుంటారు. ఓ.ఎన్.జి.సి. ఉద్యోగులు, కాగితపు మిల్లు పనులపై వచ్చేవారు, కాకినాడ ఓడరేవు వ్యాపారులు, భీమవరం రొయ్యల ఎగుమతిదారులు, కడియం నర్సరీలకు వచ్చే కొనుగోలుదారులు, హైదరాబాద్‌లో స్థిరపడిన డెల్టా కుటుంబాలు, కోనసీమ నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్ళేవారు ఈ మార్గానికి ప్రధాన ప్రయాణికులు.

వీరిలో విమానానికి అసలు పోటీదారు మరొక విమానం కాదు. రాత్రి ప్రయాణం. హైదరాబాద్‌లో రాత్రి భోజనం చేసి బస్సు ఎక్కితే తెల్లవారేసరికి అమలాపురంలోనో, భీమవరంలోనో సొంత వీధి చివర దిగవచ్చు. రైలు అయితే సికింద్రాబాద్ నుంచి విజయవాడ మీదుగా దాదాపు 500 కిలోమీటర్లు. నిద్రలోనే గడిచిపోతుంది. ఒక పూట పని చెడదు, హోటలు ఖర్చు లేదు. విమానం గాలిలో ఉండేది గంటే అయినా, కూకట్‌పల్లి నుంచి శంషాబాద్ చేరడం, ముందుగా వెళ్ళి వేచి ఉండడం, మధురపూడి నుంచి కోనసీమకు మళ్ళీ రెండు గంటల రోడ్డు ప్రయాణం కలిపితే ఐదారు గంటలవుతుంది. 2023 జనవరి 15న ప్రారంభమైన సికింద్రాబాద్, విశాఖపట్నం వందే భారత్ రైలు రాజమండ్రిలో ఆగుతుంది. ఆరు, ఆరున్నర గంటల పగటి ప్రయాణం. 2024 మార్చిలో అదే మార్గంలో రెండవ రైలు కూడా మొదలైంది. చార్జీని 6,000 దాటించాలని ప్రయత్నించే విమాన సంస్థకు ఈ రైళ్ళు సహజమైన పగ్గం.

సంక్రాంతి సంగతి వేరు. భోగికి ముందు నాలుగు రోజులు హైదరాబాద్ నుంచి వచ్చే విమానాలలో సీటు దొరకదు. చార్జీలు మూడు నాలుగు రెట్లకు చేరిన వార్తలు ఏటా వస్తుంటాయి. ఆ చార్జీ చూసి సంస్థలు విపరీతంగా లాభపడుతున్నాయన్న అభిప్రాయం ఏర్పడుతుంది. అయితే అదే విమానం తిరిగి హైదరాబాద్ వెళ్ళేటప్పుడు సగం ఖాళీగా వెళుతుంది. కనుమ దాటాక పరిస్థితి తారుమారు. పండుగ వారంలో రెండు దిక్కుల సగటు తీస్తే సీట్ల భర్తీ అంతగా పెరగదు. సగటు చార్జీ మాత్రం పెరుగుతుంది. ఆషాఢం, శూన్యమాసాలలో పెళ్ళిళ్ళు లేని వారాల లోటును ఆ పెరుగుదల పూడ్చాలి.

మరొక మార్పు రన్‌వే విస్తరణ వలన వచ్చింది. 1,750 మీటర్ల రన్‌వేను 3,165 మీటర్లకు పెంచడంతో మధురపూడికి ఎయిర్‌బస్ స్థాయి విమానాలు రాగలుగుతున్నాయి. 2024 డిసెంబరులో ఇండిగో ముంబయి, ఢిల్లీ నగరాలకు నేరుగా సర్వీసులు ప్రారంభించింది. ప్రయాణికులకు ఇది నిస్సందేహంగా మేలు. అయితే గతంలో రాజమండ్రి నుంచి హైదరాబాద్ చేరి అక్కడ మారి ఢిల్లీ వెళ్ళిన ప్రయాణికుడు ఇక చిన్న విమానానికి అవసరం లేదు. హైదరాబాద్ మార్గానికి కొత్త సంస్థ ఏదైనా అంచనాలు సమర్పిస్తే, అవి 2024 డిసెంబరుకు ముందున్న ప్రయాణికుల సంఖ్యల ఆధారంగా తయారైనవా, తరువాతివా అన్నది మొదట అడగవలసిన ప్రశ్న. అలాగే హైదరాబాద్ నుంచి ఎ.టి.ఆర్. విమానాలు నడుపుతున్న పెద్ద సంస్థ తన చార్జీలను కొన్ని నెలలు తగ్గించి ఉంచగలదు. చిన్న సంస్థ ఒక్క సీజన్ కూడా ఆ పని చేయలేదు.

ప్రభుత్వ సహాయం లెక్క

కేంద్ర ప్రభుత్వం 2016 అక్టోబరులో ప్రకటించిన ఉడాన్ పథకం విమానాలు లేని, తక్కువగా ఉన్న విమానాశ్రయాలను ఉద్దేశించినది. 2017 ఏప్రిల్ 27న తొలి సర్వీసులు మొదలైన రోజునే ట్రూజెట్ కడప, హైదరాబాద్ మధ్య విమానం నడిపింది. విమానంలోని సగం సీట్లను పరిమిత చార్జీకి, తొలి రోజులలో గంట ప్రయాణానికి 2,500 రూపాయలకు, ఇవ్వాలి. తగ్గిన ఆదాయాన్ని మూడేళ్ళ పాటు లోటు భర్తీ నిధి పూడుస్తుంది. ఆ నిధిలో 80 శాతం కేంద్ర పథకం నుంచి, 20 శాతం రాష్ట్రం నుంచి వస్తుంది.

పై ఖర్చులనే తీసుకుంటే, 72 సీట్ల విమానంలో 36 సీట్లను 2,500 వంతున ఇచ్చినప్పుడు సీటుకు 1,264, ట్రిప్పుకు 45,500 రూపాయలు తగ్గుతాయి. రోజుకు ఒక రానుపోను సర్వీసు, ఏడాదికి 350 రోజులు నడిస్తే 3 కోట్ల 18 లక్షల రూపాయలు. రాష్ట్ర వాటా 64 లక్షలు. ఈ మొత్తం పెద్దదేమీ కాదు. మిగిలిన 36 సీట్లు నిండుతాయా అన్నదే అసలు ప్రశ్న. నిధి సగం విమానానికే హామీ ఇస్తుంది.

రాష్ట్రం స్వయంగా భరించే ఒప్పందాలలో లెక్క మారుతుంది. విజయవాడ నుంచి సింగపూర్‌కు 2018 డిసెంబరులో ఇండిగో ప్రారంభించిన సర్వీసుకు లోటు భర్తీ హామీని రాష్ట్ర ప్రభుత్వమే ఇచ్చింది. 2019 జూన్ చివరలో ఆ సర్వీసు నిలిచిపోయింది. కడప విమానాలు కూడా రాష్ట్ర సహాయంతో పునరుద్ధరణ పొందిన సందర్భం ఉంది. ఈ అనుభవాల నుంచి తెలిసేదేమంటే, సహాయం ఆగిన మరుసటి నెలలో సర్వీసు కొనసాగే అవకాశం ఎంత అన్నది ఒప్పందంపై సంతకం చేసే రోజునే తేల్చుకోవాలి. మూడేళ్ళలో ఆ మార్గంలో సగటు చార్జీ 2,500 నుంచి 4,500కు చేరుతుందా? అందుకు తగిన వ్యాపారం, ఉద్యోగాలు ఆ పట్టణంలో ఉన్నాయా? లేనట్లయితే సహాయం ముగిసిన రోజే విమానమూ ముగుస్తుంది.

సహాయాన్ని సీట్ల లెక్కన ఇవ్వడమా, నడిపిన ట్రిప్పుల లెక్కన ఇవ్వడమా అన్నది మరొక అంశం. ట్రిప్పుల లెక్కన ఇస్తే సంస్థకు టికెట్లు అమ్మే శ్రద్ధ తగ్గుతుంది. ప్రయాణికుల లెక్కన మాత్రమే ఇస్తే తొలి ఆరు నెలలు ఖాళీగా నడిచే కాలంలోనే సంస్థ చేతులెత్తేస్తుంది. కొంతకాలం మొదటి పద్ధతి, ఆ తరువాత రెండవది అనుసరించడం మేలు. సంస్థ వద్ద కనీసం ఆరు నెలల స్థిర వ్యయానికి సరిపడే నగదు ఉందా అన్నది పరిశీలించకుండా ఏ సహాయమైనా ఇవ్వడం సబబు కాదు. పై లెక్క ప్రకారం ఒక్కొక్క విమానానికి అది దాదాపు 17 కోట్ల రూపాయలు. మూతపడిన సంస్థల ఉద్యోగులు జీతాల కోసం, ప్రయాణికులు టికెట్ల సొమ్ము కోసం ఎదురుచూసిన సందర్భాలు ఈ రంగంలో ఒకటికి మించి ఉన్నాయి. ఆ మొత్తాలేవీ ప్రతిపాదనల పట్టికలలో కనిపించవు.

గోదావరి పుష్కరాలు 2027 జూన్ 26 నుంచి జూలై 7 వరకు జరగనున్నాయి. 2015లో వలెనే ఈసారి కూడా ఆ పన్నెండు రోజులను దృష్టిలో ఉంచుకొని కొత్త సర్వీసుల ప్రతిపాదనలు రావడం సహజం. రోజుకు ఎనిమిది ట్రిప్పులూ పూర్తిగా నిండినా పన్నెండు రోజులలో ఒక ఎ.టి.ఆర్. విమానం చేరవేయగలిగేది 6,912 మందిని. అదే విమానం ఏడాదిలో అమ్మవలసిన సీట్లు 1,98,720. పుష్కరాలు ముగిసేసరికి ఆషాఢమాసం వస్తుంది.